ఖాళీగా వచ్చిన గిన్నె

"పల్లికి పొదుగెక్కడున్నదే? జర నాక్కూడ సూపియ్యి."

దేవరుప్పుల ఊళ్ళో ఆ పొద్దున రాములమ్మ కోడలు రజనిని అడిగిన మాట ఇది. పల్లీలు నానబెట్టి, రుబ్బి, పిండిన పాల గిన్నె రజని చేతిలో ఉంది. పొయ్యి పక్కన వంటల పుస్తకం తెరిచి ఉంది. కళ్ళలో అప్పుడే నీళ్ళు తిరుగుతున్నాయి...

రజని భర్త దయాకర్‌కు ఒంట్లో కొవ్వు పెరిగిందనీ, నీసు, నెయ్యి, పాలు, పెరుగు అన్నీ బందు పెట్టాలనీ జనగామ దవాఖానలో డాక్టరు చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు దుకాణంలో రజని రెండు వంటల పుస్తకాలు కొన్నది. వాటిలో పాల చుక్క, మాంసం ముక్క లేని కూరలే అన్నీ. పక్కవాళ్ళు సీరియల్ చూసినట్టు ఈమె వాటిని చదివేది. నువ్వుల చిక్కుడుకాయ పేజీకి ఎంత నూనె పట్టిందంటే, ఆ కాగితాన్ని పెనం మీద వేస్తే వేరే నూనె అక్కర్లేదు.

కానీ ఆ ఇంట్లో పెరుగంటే మాటలా? రాములమ్మ తోడుపెట్టిన బర్రె పెరుగును గోడకు కొడితే గోడే పగిలిందట గానీ పెరుగు పగల్లేదట. కొట్టడం నేను చూడలేదు, పగిలిన గోడను మాత్రం చూశాను. అలాంటి పెరుగును ఆ పూటే తల్లి కొడుకు కంచం ముందు పెడితే, కోడలు మెల్లగా పక్కకు జరిపింది.

"డాక్టరు వద్దన్నడు అత్తమ్మా..."

"గీ పెరుగు తినే గదనే వాడు గింత మనిషైంది. ఇయ్యాల నా చెయ్యే ఇసమైందా?"

దయాకర్ తల వంచుకుని కంచంలోకే చూశాడు. రాములమ్మ దుప్పటి తీసింది, చెంబు తీసింది, బర్రెను విప్పింది, పక్కింట్లో ఉండే తోడికోడలు గట్టమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. రెండిళ్ళ మధ్య ఉన్నది ఆ పగిలిన నడుమెత్తు గోడే. అయినా అత్త ఏడు సముద్రాలు దాటిపోయినట్టు రజని ఏడ్చింది. చిన్ననాడే తల్లిని పోగొట్టుకున్న ఆమెకు అమ్మ అన్నా అత్త అన్నా ఈవిడే. ఈవిడ మళ్ళీ రాకపోతే? గోడ దగ్గరికి వెళ్ళి పిలుద్దామనుకుంది. పిలిస్తే రానంటే?... ఆ మాట వినే ధైర్యం లేక, అత్త చూడకుండా గోడ మీంచి గట్టమ్మకు కూర అందించింది.

"చిన్నత్తా, నేనిచ్చిన్నని జెప్పకు. నువ్వే వండినట్టు జెప్పు."

"నేను వండితే ఉప్పుందా లేదా అని మీ చిన్నమామ బతికున్నన్నాళ్ళు పరేషానే బిడ్డా. మీ అత్త నమ్ముతదా?" అంటూనే గట్టమ్మ కూరను తన గిన్నెలోకి వంపుకుంది.

ఆ సాయంత్రం గోడ అవతల నుంచి రాములమ్మ గొంతు వినిపించింది. "గట్టమ్మా, చెయ్యి మారింది గదనే నీది. మంచిగున్నది."

గోడ ఇవతల కూర్చున్న రజని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఏడ్చింది.

ఆ వాడలో ఎవరి గిన్నే ఖాళీగా తిరిగి పోదు. మొదట టమాటలు వచ్చాయి. మర్నాడు చిక్కుడుకాయలు, రెండు వైపులా పీచు తీసి మరీ. ఆ తర్వాత రాయి లేకుండా చెరిగి, దోరగా వేయించిన నువ్వులు. ఉల్లిగడ్డ పొట్టు తీయడానికే బద్ధకించే గట్టమ్మకు ఇంత ఓపిక ఎక్కడిది? ఆ చిక్కుడుకాయలను రజని చాలాసేపు చేత్తో తడిమింది. వాటినే వండి పంపింది.

ఇలా నడుస్తుండగా ఒక మధ్యాహ్నం గిన్నె ఖాళీగా వచ్చింది. తోమి, బోర్లించి, గోడ మీద ఉంది.

రజని ఆ గిన్నెను తీసి లోపల చూసింది. కూర నచ్చలేదా? అత్తకు ఒంట్లో బాగా లేదా? ఇక పంపొద్దనా?... పక్కన దారి ఉన్నా చీర ఎగ్గట్టి గోడే దూకింది. ఆ చప్పుడుకు బెదిరిన తన కోళ్ళు వారం దాకా గుడ్లు పెట్టలేదని గట్టమ్మ ఇప్పటికీ చెబుతుంది.

రాములమ్మ బర్రె దగ్గర, ఒడిలో చిక్కుడుకాయల చాటతో కూర్చుని ఉంది.

"గిన్నె ఖాళీగొచ్చింది అత్తమ్మా... ఏమైంది?"

"నేనే పెట్టిన. రోజు కూరొస్తున్నది గని నువ్వు రాకపోతివి. గిట్లనన్న ఉరికొస్తవని."

"నా కూరని ఎరుకేనా?"

"తొలి ముద్దకే. గట్టమ్మకు ఇన్నేండ్లు రాని ఉప్పు గిప్పుడొస్తదా?"

"నడుమ నన్నెందుకు గుంజుతరు?" లోపలి నుంచి గట్టమ్మ అంది. "బిడ్డా, మీ అత్త ఇక్కడికొచ్చిన కాడికెల్లి పెరుగు ముట్టలే. పాలన్ని పాల కేంద్రానికే పోస్తున్నది."

రాములమ్మ ముఖం తిప్పుకుంది. "కొడుకు తిననిది నా గొంతు దిగుతదా?"

రజని ఆమె ఒళ్ళో తల పెట్టేసింది. చిక్కుడుకాయలన్నీ నేల పాలయ్యాయి. "ఇంటికి రా అత్తమ్మా..." అంది.

"గీ మాట కోసమే గదనే కూసున్నది," అని రాములమ్మ కోడలి తల నిమిరింది. తర్వాత దుప్పటి తను తీసుకుని, బర్రె పగ్గం కోడలి చేతికిచ్చింది.

ఆ మధ్యాహ్నం రాములమ్మ పొయ్యి దగ్గర పీచు తీస్తూ, "సదువు, తర్వాతేమున్నది?" అంటుంటే రజని పుస్తకం చదువుతూ కూర వండింది. దయాకర్ రెండోసారి వడ్డించుకున్నాడు. చివరికి రజని భయపడుతూనే పల్లి పెరుగు గిన్నె తెచ్చింది. రాములమ్మ మూత తీసి, వేలితో తట్టి చూసింది.

"దీన్ని గోడకు కొడితే గోడే గెలుస్తది," అని తన కంచం ముందుకు జరిపింది. "అయినా జర ఎయ్యి."