మోతి తాగిన రసం

"ఏడు ఎనిమిదులెంత, షమీమ్?"

జయమ్మ టీచర్ రెండోసారి అడిగింది.

"ఐదు" అంది షమీమ్.

క్లాసంతా గొల్లుమంది. షమీమ్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఆ పొద్దున లేచి మేత తిన్న గొర్రెపిల్లలు ఐదు. నాలుగే లేవాలి. ఆ ఐదోది ఎందుకు లేచిందో ఎమ్మిగనూరు మొత్తంలో షమీమ్ ఒక్కదానికే తెలుసు.

వారం కిందట వాళ్ళ నాన్న కరీం సాబ్ మందలో ఎనిమిది పిల్లలకు పేగుజబ్బు వచ్చింది. మేత ముట్టవు. పెంటిక నీళ్ళలా పోతుంది. మాత్రలు వేసినా తగ్గలేదు. పశువుల డాక్టర్ జయశ్రీ మేడం ఇంటికొచ్చి చూసింది.

"బాగున్న గొర్రె కడుపులోంచి కొంచెం రసం తీసి వీటికి తాగించి చూద్దాం" అంది. "ఆ రసంలో కంటికి కనపడని జీవులుంటాయి. మేతను అరిగించేవి అవే. ఈ పిల్లల కడుపులో అవి చచ్చిపోయి ఉంటాయి."

"అట్లయితే అన్నిటికీ తాపండి మేడం" అన్నాడు కరీం సాబ్.

"అన్నిటికీ తాపితే, నయమైంది రసంతోనా, ఉప్పు చక్కెర నీళ్ళతోనా ఎట్లా తెలుస్తుంది? నాలుగింటికి రసమూ ఆ నీళ్ళూ. మిగతా నాలుగింటికి ఉత్త నీళ్ళు. ఏదైనా మరీ నీరసపడితే నాకు కబురు పెట్టండి. దానికీ రసం తాపేద్దాం."

రసం తాగే పిల్లల మెడకు ఎర్ర దారం కట్టారు. మిగతా వాటికి నీలం దారం. కాంపౌండర్ ఆదెప్ప రోజూ పొద్దున్నే వచ్చి, పెద్ద గొర్రె నోట్లోంచి గొట్టం వేసి రసం తీసిచ్చేవాడు. దాన్ని తాపడం, ఏ పిల్ల ఎట్లా ఉందో నోటుబుక్కులో రాయడం షమీమ్ పని.

మోతి మెడకు నీలం దారం పడింది. తల్లి చచ్చిపోతే షమీమే సీసాతో పాలు పట్టి పెంచిన పిల్ల అది. మూడో రోజు తల కూడా ఎత్తలేదు. కబురు పెడితే మేడం "ఇంకో రోజు చూద్దాం" అంటుందేమో! షమీమ్ ఎవరికీ చెప్పలేదు. చెంబు అడుగున మిగిలిన రసం మోతి నోట్లో పోసింది. ఆ తర్వాత రెండు రోజులూ అంతే. నోటుబుక్కులో మాత్రం "ఉత్త నీళ్ళు" అని రాసింది.

మధ్యాహ్నం గంట కొట్టగానే షమీమ్ ఇంటికి పరిగెత్తింది.

దొడ్లో మేడం, ఆదెప్ప ఉన్నారు. మేడం నోటుబుక్కు చూస్తోంది. పక్కన ఒక ముసలాయన నిలబడ్డాడు. పేరు శేషప్ప. కోసిగి నుంచి బస్సులో వచ్చాడు. ఆయన మందలో ఇరవై పిల్లలకు ఇదే జబ్బు.

"అన్నిటికన్నా హుషారుగా ఉన్నది నీలం దారం పిల్లే" అంది మేడం. "కాబట్టి రసమే నయం చేసిందని గట్టిగా చెప్పలేను. ఆదెప్పను అంత దూరం ఎందుకు పంపడం? నువ్వు ఉప్పు చక్కెర నీళ్ళే తాపుతూ ఉండు, శేషప్పా."

"నీళ్ళు తాపుతానే ఉండా మేడం. అయినా పడిపోతాండాయి" అన్నాడు శేషప్ప. "ఇవి గూడా పోతే మేము ఊరిడిసి కూలికి పోవాల్సిందే."

షమీమ్ కూర్చుంది. లేచింది. కుండ దగ్గరికి పోయి నీళ్ళు ముంచుకుంది. తాగకుండానే గ్లాసు పెట్టేసింది.

"ఏమైంది బేటీ? కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు?" అంది వాళ్ళమ్మ సైదా బీ.

శేషప్ప తువ్వాలు భుజాన వేసుకుని వాకిలి దాటాడు.

"తాతా, పోవద్దు!"

షమీమ్ పరిగెత్తి ఆయన చెయ్యి పట్టుకుంది. అక్కణ్ణించే అరిచినట్టు చెప్పింది.

"మేడం, మోతికి నేను రసం తాపినా. మూడు దినాలు తాపినా. బుక్కులో అబద్ధం రాసినా."

కరీం సాబ్ తల దించుకున్నాడు.

"చచ్చిపోతుందని భయపడ్డావా?" అంది మేడం.

షమీమ్ తలూపింది.

"నాకు చెబితే నేనే వచ్చి తాపేదాన్ని కదా!"

"మీరు వద్దంటారేమో అనుకున్నా."

మేడం దొడ్డి వైపు తిరిగింది. "రసం తాగినవి ఐదు. ఐదూ లేచాయి. తాగనివి మూడు. మూడూ పడుకునే ఉన్నాయి. ఆదెప్పా! ముందు ఈ మూడింటికి తాపు. తర్వాత గొట్టం తీసుకుని శేషప్పతో కోసిగి బస్సెక్కు."

శేషప్ప రెండు చేతులూ జోడించాడు.

"ఈ పుస్తకం మాత్రం పనికిరాదు, షమీమ్" అంది మేడం మెల్లగా. "అబద్ధం ఉన్న రాతను పై ఆఫీసుకు పంపలేను. మళ్ళీ మొదటినుంచి చేయాలి."

"ఈసారి రాసేదానికి ఇంకెవరినన్నా పెట్టుకోండి మేడం" అన్నాడు కరీం సాబ్.

"లేదు. షమీమే రాయాలి."

రెండు నెలల తర్వాత పక్కవీధి కాశప్ప మందలో అదే జబ్బు కనపడింది. మళ్ళీ దారాలు కట్టారు. షమీమ్ కొత్త నోటుబుక్కు పట్టుకుని రోజూ పొద్దున్నే కాశప్ప దొడ్డికి పోయేది.

నాలుగో రోజు రసం తాపుతుంటే ఒక పిల్ల తల విదిలించింది. సీసా జారింది. సగం రసం మట్టిలో కలిసిపోయింది. షమీమ్ చుట్టూ చూసింది. దొడ్లో ఎవరూ లేరు. మట్టి అప్పుడే పీల్చేసుకుంటోంది.

షమీమ్ నోటుబుక్కు తెరిచి రాసింది: "ఎర్ర దారం రెండో పిల్లకు ఈ రోజు సగమే తాపినాను. నా చెయ్యి జారింది."

ఖాళీ సీసా పట్టుకుని ఆదెప్పకు చెప్పడానికి పశువుల ఆస్పత్రి వైపు పరిగెత్తింది.