మిగులు గొడుగులు

"మీ బ్యాలెన్స్ షీట్ అబద్ధం చెబుతోంది," అందామె, కుర్చీలో కూర్చోకుండానే.

గొడుగుల ఫ్యాక్టరీ అకౌంటెంట్ తలెత్తాడు. "నమస్కారం కూడా చెప్పకుండా తిట్టేశారు. టీ తాగాక తిట్టొచ్చుగా?"

ఆ ఫ్యాక్టరీని కొనాలా వద్దా అని తేల్చడానికి ఒక పెద్ద కంపెనీ ఆమెను పంపింది. వద్దంటే అరవై మంది పని పోతుంది. మూడేళ్ల లెక్కలూ చదివిందామె. అమ్మకాలు బాగున్నాయి. దుకాణాల నుంచి డబ్బు మాత్రం ఆలస్యంగా వస్తోంది. దాన్ని సరిచేయొచ్చు. మింగుడుపడనిది ఒక్కటే.

"అందరికీ గోడౌన్‌లో స్టాక్ లెక్కకంటే తగ్గుతుంది. మీకు పెరుగుతోంది. కుట్టినవాటికంటే ముప్పయ్యారు గొడుగులు ఎక్కువ. ఆస్తి ఎక్కువ చూపించడానికేనా?"

"ముప్పయ్యారు గొడుగులతో కంపెనీని గట్టెక్కించేంత తెలివి నాకుంటే ఇక్కడెందుకుంటాను?" నవ్వబోయి ఆగిపోయాడు. "మీరే లెక్కపెట్టండి."

గోడౌన్‌కి కిటికీల్లేవు. ఉన్నది ఒకే తలుపు. ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. నాలుగు వందల ముప్పయ్యారు. తాళం వేసి, లక్క సీలు ఆమే వేసింది. తాళంచెవి తన హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంది.

భోజనాల వేళ వాన దంచికొట్టింది. అతను ముద్ద ముట్టలేదు. గోడౌన్ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

వాన తగ్గాక వెళ్లారు. సీలు చెక్కుచెదరలేదు. తలుపు తీయగానే తడిమట్టి వాసన గుప్పుమంది.

నాలుగు వందల ముప్పయ్యేడు.

చివరి వరసలో ఒక నల్ల గొడుగు. దాని కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి. పైకప్పు చూసిందామె. పొడిగా ఉంది. నేల మీద అడుగుల జాడల్లేవు.

ఆమెకు భయంతో పరుగెత్తాలనిపించింది. కానీ పక్కన మనిషి ఏడుస్తున్నాడు.

"మా అక్క చేతి కుట్టు ఇది," అన్నాడు గొడుగు పట్టీ చూపిస్తూ. చివరి కుట్టు ఎర్రదారంతో ఉంది. "ఎర్రదారం తనొక్కతే వాడేది. మూడేళ్ల కిందట అమ్మ ఇంట్లో ఎదురుచూస్తుంటే, ఇక్కణ్నుంచి వస్తూ వంతెన దగ్గర వరదలో కొట్టుకుపోయింది. అప్పట్నుంచి పెద్ద వాన పడినప్పుడల్లా ఒకటి వస్తుంది. పారేయలేను. దాచలేను. అందుకే మిగులు కింద రాశాను. మీకంటే ముందు ముగ్గురొచ్చారు. నన్ను దొంగన్నారు, వెళ్లిపోయారు. ఎవరూ రెండోసారి లెక్కపెట్టలేదు."

ఆ సాయంత్రమే ఆమె రిపోర్టు రాసింది. కొనొచ్చు, బాకీలు త్వరగా వసూలు చేసుకోవాలి, అకౌంటెంట్ లెక్కలు నిజం. 'మిగులు ముప్పయ్యేడు గొడుగులు, కారణం తెలియదు, అమ్మకూడదు' అని కింద చేర్చింది.

ఫోన్‌లో బాస్ గయ్యిమన్నాడు. "ఆ చివరి లైను తీసెయ్!"

"లెక్కపెట్టింది నేను సార్. తీయను."

అకౌంటెంట్ పక్కనే నిలబడి అంతా విన్నాడు. ఆమె ఫైలు మూసి, "మీ అమ్మగారికి చెప్పారా?" అంది.

"ఎలా చెప్పను? మనసు ఇంకా చెదిరిపోతుందేమోనని..."

"నేనూ వస్తాను, పదండి."

అతని ఇంట్లో, చిన్న వంటగదిలో, పీట మీద కూర్చుని వింది తల్లి. అక్క మాట వచ్చేసరికి అతను సగంలో ఆగిపోయాడు. ఆ అమ్మాయి చప్పున అతని చెయ్యి పట్టుకుంది. మిగతాది తనే చెప్పింది.

తల్లి కొడుకు మొహంలోకి చూసింది. "గొడుగు తడిసే ఉంటుందా?" అని అడిగింది.

"ప్రతిసారీనమ్మా."

"అయితే నా కూతురు తడవట్లేదన్నమాట," అంది తల్లి. మూడేళ్లుగా బిగబట్టిన ఊపిరేదో వదిలినట్టయిందావిడకు. కళ్లు తుడుచుకుని ఆ అమ్మాయి వైపు తిరిగింది. "నీకు భయం వెయ్యలేదా తల్లీ?"

"వేసిందండీ. ఇప్పటికీ వేస్తోంది."

"మరి వెళ్లిపోలేదే?"

ఆమె చూపు దించుకుంది. అతని చెయ్యి ఇంకా వదల్లేదని అప్పుడు గమనించి, గబుక్కున తన చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"ఉండనీ," అంది తల్లి. లేచి, ముగ్గురికీ కంచాలు పెట్టింది.