జారిపోతున్న గిటార్

"మళ్లీ జారింది మేడం!" అంటూ నతానియేలు గిటార్ మీంచి చెయ్యి తీసేశాడు.

కాకినాడలో మనుషుల చేత పాడించే ఆర్కెస్ట్రా ఇప్పుడు ఒక్కటే మిగిలింది. తక్కినవన్నీ మెషీన్ గొంతులకి మారిపోయాయి. ఆ ఒక్కదాంట్లో గాయని ఎస్తేరు, గిటారిస్టు ఆమె భర్త నతానియేలు. పెళ్లికి ముందునుంచీ ఇద్దరిదీ ఒకటే స్టేజీ. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఆమె గొంతు నిలకడ తప్పింది. పల్లవి ఎత్తుకున్న శ్రుతి చరణానికి ఉండడం లేదు, కిందికి దిగిపోతోంది. ఆదివారం రిసెప్షన్‌లో ఒక్క గిటార్ మీద పాడే పాట ఉంది. అది చెడితే ఎస్తేరు బదులు కూడా మెషీనే అని ఓనర్ తాతబ్బాయి తేల్చి చెప్పేశాడు.

అందుకే ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే డాక్టర్ మైథిలి ఈ పెడల్ తయారుచేసింది. కాలి దగ్గర పెట్టుకునే చిన్న పెట్టె. శ్రుతి మార్చే పిచ్ షిఫ్టర్లు కొత్తేం కాదు. తీగ శబ్దాన్ని సన్నటి ముక్కలుగా కోసి, పైకో కిందికో జరిపి అతికిస్తాయి. ఎంత జరపాలో మనం చెప్పాలి. ఈ పెడల్‌కి చెప్పక్కర్లేదు. గాయని గొంతు విని గిటార్ శ్రుతిని తనే దించుతుంది. వినడానికి ఎంత బాగుందో!

తీరా వాయిస్తే, పాట సగానికొచ్చేసరికి గిటార్ గేదెలా అరుస్తోంది. ఎస్తేరు గొంతు అడుక్కి దిగి ఆగిపోతోంది.

కేబుల్ మార్చారు. అడాప్టర్ తీసి బ్యాటరీ పెట్టారు. కొత్త తీగలు వేశారు. ఎస్తేరు పాట రికార్డు పెట్టి వాయిస్తే పెడల్ బుద్ధిగా ఉంది. ఆమె పక్కన నిలబడి పాడితేనే ఈ రోగం.

"అయితే తప్పంతా నాదేనాండీ?" ఎస్తేరు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మైథిలి తల పట్టుకుంది. "పాడేటప్పుడు శ్రుతి ఎక్కణ్నుంచి తీసుకుంటావమ్మా?"

"ఇంకెక్కణ్నుంచి? ఈయన గిటార్‌లోంచే. ఇన్నేళ్లూ అంతే కదండీ!"

అదీ సంగతి. పెడల్ ఆమె వెంట దిగుతోంది, ఆమె గిటార్ వెంట దిగుతోంది. ఇక ఆగేదెక్కడ? మహా గొప్ప యంత్రం కనిపెట్టారు గానీ, పాడే మనిషికీ చెవులుంటాయని మరిచిపోయారు.

"ఎవరో ఒకరు వినడం మానెయ్యాలి," అంది మైథిలి. "పెడల్ వినకపోతే గిటార్ నీ గొంతుకి దిగదు. కాబట్టి నువ్వే..." అంటూ ఇయర్‌ప్లగ్స్ చేతిలో పెట్టింది.

"ఈయన్ని వినకుండా ఎలా పాడనండీ?"

"వేరే దారి లేదమ్మా."

ఆదివారం ఎస్తేరు చెవులు మూసుకుని, కళ్లు కూడా మూసుకుని పాడింది. పల్లవిలోనే శ్రుతి కాస్త దిగినా, తన గొంతు తనకే లోపల వినబడుతుంటే ఆ తర్వాత కదల్లేదు. రెండో చరణంలో పెడల్ చచ్చిపోయింది. పెడల్ లేకుండా పాత శ్రుతిలో వాయిస్తే, దిగిన గొంతుతో కలవక పాట పాడవుతుంది. నతానియేలు చెయ్యి ఊపాడు, ఆమె చూడలేదు. ఏం చెయ్యగలడు పాపం! తీగల మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. పాట చివరిదాకా సాగింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

తాతబ్బాయి పరుగున స్టేజీ ఎక్కాడు. "ఆవిడకి ఢోకా లేదయ్యా! ఒట్టి గొంతే ఇంత బాగుంటే ఈ పెట్టెల గోల మనకెందుకు? వచ్చేవారం నుంచి నువ్వు రానక్కర్లేదులే."

నతానియేలు వంగి పెడల్ వైరు పీకాడు.

ఎస్తేరు చెవుల్లో ప్లగ్స్ ఇంకా అలాగే ఉన్నాయి. మొహం వెలిగిపోతోంది. "చూశారా, ఎక్కడా జారలేదు! ఇవాళ మీరు ఎంత బాగా వాయించి ఉంటారో!" అంది, అవసరం లేనంత గట్టిగా.

అతను అవునన్నట్టు తల ఊపి, గిటార్ సర్దుకున్నాడు.