కాలం తీరిన చుక్క

“వచ్చినవాడు అసలో నకిలీయో వాడి చర్మమే చెప్పాలి,” అన్నాడు స్వీడన్ గూఢచారి శాఖ అధిపతి లుండెల్.

తూర్పు జర్మనీ నుంచి తప్పించుకుని మాల్మో చేరిన ఆ మనిషి తాను రసాయన శాస్త్రవేత్త కెట్నర్‌నని చెబుతున్నాడు. రహస్య కర్మాగారంలో పనిచేసిన అసలు కెట్నర్‌కు రంగుల్లో కలిపే ఐసోసయనేట్ అనే రసాయనం పడదు. ఆ ద్రావణపు చుక్కను పట్టీతో వీపున అంటించి రెండు రోజులు ఉంచితే చర్మం ఎర్రగా పొంగాలి. పొంగకపోతే నకిలీ అని ఓడెక్కించి వెనక్కి పంపేస్తారు. అసలువాడినే పొరపాటున పంపితే అక్కడ అతనికి తూటాయే గతి.

పనిని ఏజెంట్ హెన్నింగ్ రాస్క్‌కూ, ఉద్యోగంలోనూ ఇంట్లోనూ అతనికి తోడైన అందగత్తె ఎబ్బాకూ అప్పగించారు. ద్రావణం చురుగ్గానే ఉందని తేల్చడానికి, అది పడదని ముందే తెలిసిన మరొకరికీ అంటించడం ఆస్పత్రి పద్ధతి. ఒకప్పుడు పడవలకు రంగులు వేసిన రాస్క్‌కు అది పడదు. అతను చొక్కా విప్పాడు.

గడువు తీరాక, చర్మవైద్యురాలి మారువేషంలో ఎబ్బాయే పట్టీలు ఊడదీసింది. కెట్నర్ వీపు నున్నగా ఉంది. రాస్క్ వీపును వేలితో తాకి, “నీది మాత్రం ఎప్పటిలాగే కందిపోయింది, బంగారం,” అంది. లుండెల్ ఓడకు కబురు పంపాడు.

సముద్రపు స్నానశాలలో కూర్చున్నాక గాని, దురదే లేదన్న సంగతి రాస్క్‌కు తట్టలేదు. డాక్టరు కందిందన్న వీపు ఎలా ఉందో చూడమని పక్కనున్న ముసలాయనను అడిగాడు.

“ఏముందయ్యా చూడ్డానికి? పసిపిల్లాడి వీపులా ఉంది. నీ డాక్టరెవరో నిన్ను ఆటపట్టించారు.”

ఐసోసయనేట్ ద్రావణం ఫ్రిజ్‌లో ఉన్నా కొన్ని నెలలకే నిర్వీర్యమవుతుంది. సీసా తెచ్చింది ఎబ్బా. తాజాదని చెప్పింది ఎబ్బా. పనిచేసిందని సాక్ష్యం పలికిందీ ఎబ్బాయే.

తడి జుట్టుతోనే కారు ఎక్కి, కోటు బొత్తంలో దాచిన వైర్‌లెస్‌లో ఓడను ఆపమనే కోడ్ మాట పలికాడు: “హిమపాతం.” ట్రెల్లెబోర్గ్ రేవులో సగం మూసుకున్న ఓడ తలుపు అక్కడే ఆగింది. రాస్క్ చేరేసరికి లోపల కెట్నర్ చేయి వదలకుండా పట్టుకుని నిలబడి ఉంది ఎబ్బా.

“ఎన్నాళ్ల నుంచి వాళ్లకు పనిచేస్తున్నావు?” అని అడిగాడు.

“నువ్వు పరిచయం కాకముందు నుంచే. నీ వీపు నువ్వు చూసుకోలేవు కదా, హెన్నింగ్. నేనేం చెప్పినా నమ్ముతావు. ఆ ధీమాతోనే ఈ పనికి దిగాను.”

 రాస్క్ ఆమెకు తన చేత్తోనే బేడీలు వేశాడు.

ఆ వారమే తాజా ద్రావణంతో మళ్లీ పరీక్ష జరిగింది. కెట్నర్ వీపు ఎర్రగా పొంగింది. దురదకు కన్నీళ్లు పెట్టుకుంటూనే అతను కనబడిన వారందరితోనూ ఆనందంగా కరచాలనం చేశాడు. పద్ధతి ప్రకారం మళ్లీ పట్టీ వేయించుకున్న రాస్క్ మాత్రం ఈసారి ఇంటి నుంచి రెండు అద్దాలు తెచ్చుకున్నాడు.