అతికించని గాయం

పొద్దున్నించి గౌరీసు తను చెప్పాల్సిన కథలో మనిషికి మూడు గాయాలు అతికించి చూశాడు. మూడోది కుదిరింది. కొడుకు నీటిలో పోయిన తండ్రి. కథాయంత్రం పచ్చగా వెలిగింది.

"గాయం ముందు, తప్పు తర్వాత. ముఖం చివర. మధ్యలో ఒక మూగజీవి," అని గుర్తుచేసింది.

సముద్రం అడుగున కట్టిన ఊళ్లో, నాలుగో మెట్టులో, మూడేళ్లు ఉమ్మడి బంతి భోజనానికి రానివాడికి గది ఉండాలంటే విచారణ జరగాలి. మనిషి పేరు చెప్పకూడదు. అతనిలాంటి ఒకణ్ణి కల్పించి కథ చెప్పాలి. పన్నెండుమంది శ్రోతల గొంతుకి జాలిని కొలిచే పట్టీలు కడతారు. కొలత నలభై దాటితే గది ఉంటుంది. దాటకపోతే మనిషిని పైకి, ఎండకి కాలిపోయిన ఒడ్డున ఉన్న షెడ్డుకి పంపేస్తారు.

ఈసారి దాలినాయుడి వంతు. మూడేళ్లుగా ఎవరికీ తలుపు తీయలేదు. గౌరీసు వెళ్లి తలుపు తట్టి, రాసింది వినిపించాడు.

"నాకు కొడుకెక్కడున్నాడు తమ్ముడూ? పెళ్లే నేదు," అన్నాడు దాలినాయుడు లోపల్నించి.

"నువ్వు కాదన్నా. కథలోవోడు."

"ఆడి ముసుగులో సూసేది నన్నే గదా. రేపట్నించి సచ్చిన కొడుకు తండ్రని ఈ తలుపు కాడ దండాలెడతారు. నాకేటీ అవ్వనేదు. నలుగుర్లో కూకుంటే ఊపిరాడదు. అంతే."

"అంతేనంటే గది పోద్దన్నా."

లోపలి గొంతు తలుపు దగ్గరకొచ్చింది.

"పైకెల్తే సచ్చిపోతాను. తెలుసు. అయినా అబద్ధపు సావెట్టకు. అడుగుల సప్పుడైతే గడియ మీద సెయ్యేత్తాను. ఆళ్లు దాటెల్లిపోతే తీసేత్తాను. అదీ నా రోజు. రాసుకో."

విచారణ గదిలో శ్రోతల్లో ఒకతె, ఎర్నమ్మ, పట్టీ బిగించుకుంటోంది. "ఈసారి మూగజీవి పిల్లా, కుక్కా బావా? పోయినసారి నీ కథలో పిల్లికి నా పైటంతా తడిసిపోనాది."

అందరూ నవ్వారు. గౌరీసు నవ్వలేదు. చేతిలో ఉన్న కథ మడిచి జేబులో పెట్టాడు.

"ఒకడున్నాడు," అన్నాడు. "వాడికేమీ జరగలేదు. అడుగుల చప్పుడైతే గడియ మీద చెయ్యి వేస్తాడు. చప్పుడు దగ్గరకొస్తుంది. ఊపిరి బిగపడతాడు. చప్పుడు దాటిపోతుంది. చెయ్యి తీస్తాడు. మళ్లీ చప్పుడు."

"గాయం," అని చెవిలో పెట్టుకున్న బిళ్లలోంచి యంత్రం. "గాయం."

గౌరీసు చెవిలోది పీకేశాడు. చెప్పడం ఆపేశాడు.

"పదకొండు," అని యంత్రం పైకే చెప్పింది. "గది రద్దు."

"ఎవులన్నారు?" ఎర్నమ్మ లేచింది. "నాకు ఏడుపు రానేదు, నిజిమే. ఏడుపొత్తేనే ఉండనిత్తారేటి? మా ఆయన్ని సూసి నానెప్పుడూ ఏడ్వనేదు. ముప్పై ఏళ్లు ఇంట్లో ఉండనిచ్చినాను."

ఎవరో పొట్ట పట్టుకుని నవ్వారు. ఎర్నమ్మ పట్టీ విప్పి బల్ల మీద పడేసింది. పక్కవాడు ఆమెని చూశాడు, బల్లని చూశాడు, తనదీ విప్పాడు. తర్వాత ఒక్కొక్కరే.

"శ్రోతలు లేరు," అంది యంత్రం. "శ్రోతలు లేనిదే గది రద్దు నమోదు కాదు. శ్రోతలు లేరు."

పన్నెండుమందీ కూర్చునే ఉన్నారు. ఎర్నమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది.

"ఆ సప్పుడు దాటెల్లకుండా తలుపు కాడే ఆగిపోతే? అప్పుడేటి సేత్తాడు బావా?"

"తెలీదమ్మా," అన్నాడు గౌరీసు.