పంటిగాట్లు పడ్డ మూత

ఆ ఉదయం ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన కోడలుపిల్ల కుర్చీలో కూర్చోకముందే ఏడుపందుకుంది. సహాయకుడు మంచినీళ్లు తెచ్చేలోగా డిటెక్టివ్ ఆమె చేతిలోని చిన్న ప్లాస్టిక్ సీసాను చూడనే చూసింది.

ఆ డిటెక్టివ్‌ను ఊరంతా భూతద్దంగారు అంటారు. ఆమె దగ్గర భూతద్దమేమీ లేదు. ఆమె కంటికి ఆననిది ఉండదని పెట్టిన పేరది. కొన్నేళ్లుగా ఆమె వెంట తిరుగుతున్న సహాయకుడికి మాత్రం ఆ పేరు చాలదనే అనిపించేది.

కోడలుపిల్ల వెక్కుతూనే సంగతి చెప్పింది. ఆమెకిప్పుడు రెండో నెల. మొటిమలు తగ్గడానికి బ్యూటీ పార్లరావిడ ఇచ్చిన క్యాప్సూల్స్ మొన్నటిదాకా మింగుతూనే ఉంది. వాటి పేరు చెప్పగానే డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టేసిందట. బిడ్డ గుండె, చెవులు, మెదడు రూపుదిద్దుకునే రోజుల్లోనే దెబ్బతీసే మందు అదట. గుండెలు అవిసిపోయి ఇంటికి వెళ్లి సీసా తీసి మొదటిసారి నిదానంగా చూస్తే మూత చుట్టూ పంటిగాట్లు, లోపలి క్యాప్సూల్స్ రంగులో తేడా.

"నా మందులో ఎవరో ఇంకేదో కలిపారండీ. బిడ్డ మీద రెండు పక్కలనుంచీ పిడుగు పడింది. అసలే మా అత్తగారింటి రక్తంలో లోపం ఉంది" అంది.

లోపమంటే మామగారి అక్క, పెద్దత్తగారు. పుట్టుకతోనే ఆవిడ చేతులు మోచేతుల దగ్గర ఆగిపోయాయి, చివర మూడేసి వేళ్లు.

భూతద్దంగారు లోపం సంగతి వదిలేసి మొహం సంగతి అడిగింది. మొటిమలు మళ్లీ వచ్చాయట. పెదాల సంగతి అడిగింది. మందు మొదలెట్టినప్పుడు పగిలి నెత్తురొచ్చేవట, నాలుగు నెలలుగా ఆ బాధ లేదట. అది వినగానే డిటెక్టివ్ మొహం విప్పారింది. ఏడుస్తున్న మనిషి ముందు ఆ సంతోషమేమిటో సహాయకుడికి బోధపడలేదు.

క్యాప్సూల్స్ పరీక్షకు పంపి ఇద్దరూ ఆ ఇంటికి వెళ్లారు. భర్త మందుల షాపులో పనిచేస్తాడని తెలియగానే సహాయకుడు మనసులో అతనికి సంకెళ్లు వేసేశాడు. అత్తగారు అడక్కముందే తన పుట్టింటివైపు ఇలాంటివాళ్లు ఎవరూ లేరని చెప్పింది. మామగారు పేపర్లోంచి తల ఎత్తలేదు.

పెద్దత్తగారు ముందుగదిలో బట్టలు కుడుతోంది. ఊళ్లో సగం చొక్కాలు ఆవిడవే. మిషన్‌నూనె డబ్బా మోకాళ్ల మధ్య బిగించి, మూత పళ్లతో లాగి, రెండు చుక్కలు వేసి, మాట ఆపకుండానే దారం కొరికింది.

"చేతులు పొట్టివైనా నోరు పొడుగులే బాబూ, అడగవలసింది అడుగు" అని నవ్వింది. సహాయకుడు ఆ వేగం చూసి ముచ్చటపడి అడగవలసింది మరిచిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు భూతద్దంగారు జన్యువుల డాక్టరు దగ్గర చాలాసేపు కూర్చుంది. మర్నాడు సాయంత్రం అందరినీ ఆ ముందుగదిలోనే కూర్చోబెట్టింది.

"సీసాలో ఉన్నవి మామూలు విటమిన్ గుళికలు. విషం కాదు, మొటిమల మందూ కాదు. అసలు మందు ఒంట్లో ఉంటే పెదాలు ఎండి పగులుతాయి. ఈ అమ్మాయి పెదాలు మానింది నాలుగు నెలల కిందట, అంటే మందు మారింది అప్పుడే. ఒంట్లో మిగిలింది నెలలో పోతుంది. కడుపు పండింది ఆ తర్వాత."

కోడలుపిల్ల పెదాలు తడుముకుంది. సహాయకుడు భర్త వైపు చూశాడు. భూతద్దంగారు తల అడ్డంగా ఊపింది.

"షాపులో పనిచేసేవాడికి నొక్కి తిప్పే మూత ఒక లెక్కా? దాన్ని మోకాళ్ల మధ్య బిగించి పళ్లతో తిప్పవలసిన మనిషి ఈ ఇంట్లో ఒక్కరే."

పెద్దత్తగారు గుండీల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. గుండీల మధ్య అసలు క్యాప్సూల్స్ దొర్లాయి.

"ఒకసారి చెప్పాను. పిల్లలు కావాలనుకుంటూ ఆ మందేమిటే అన్నాను. నీ సంగతి వేరు పెద్దత్తయ్యా, నీది రక్తంలో ఉంది అంది. ఇంకేం చెప్పను? నువ్వు సీసా తెచ్చుకున్నప్పుడల్లా విటమిన్లు కొని మార్చేశాను."

"చెప్పకుండా మార్చడం తప్పేనమ్మా. కానీ మీది రక్తం కాదు కదా" అంది డిటెక్టివ్. "రెండు చేతులూ ఒకేలా ఆగిపోవడం, వంశంలో మరెవరికీ లేకపోవడం విని జన్యువుల డాక్టరుగారు ముందు అడిగింది మీ అమ్మగారు వేసుకున్న మందు గురించే. వంశంలో వచ్చేవీ ఉంటాయి, మందుతో, జబ్బుతో వచ్చేవీ ఉంటాయి. చాలావాటికి కారణం తనకూ తెలియదన్నారు."

పెద్దత్తగారు తలూపింది. "నేను కడుపులో ఉన్నప్పుడు వాంతులకని ఎవరో ఇచ్చిన బిళ్లలు. పోయేముందు అమ్మ నాకొక్కదానికే చెప్పి ఏడ్చింది. ఆవిడ పేరు ఎందుకు పాడుచేయాలని ఊరుకున్నాను."

మామగారి చేతిలోంచి పేపరు జారిపోయింది. అత్తగారు లేచి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. "వదినా, వీడు కడుపులో ఉన్నప్పుడు ఒక్క రాత్రైనా నిద్రపోయానా నేను? అప్పుడే చెబితే హాయిగా పడుకునేదాన్ని కదా" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది. కోడలుపిల్ల లేచి వెళ్లి పెద్దత్తగారి ఒళ్లో తల పెట్టుకుంది.

బిడ్డ అవయవాలన్నీ చూసే స్కానింగ్ రోజున ఆ ఇంటివాళ్లు డిటెక్టివ్‌నూ సహాయకుణ్ణీ కూడా లాక్కెళ్లారు. గది చిన్నది, జనం ఎక్కువ. డాక్టరమ్మ గుండె చూపించింది, వెన్ను చూపించింది, అంతా బాగుందంది. అంతలో తెర మీద చిన్న పిడికిలి విప్పుకుంది.

పెద్దత్తగారు ముందుకు వంగి, కుట్టుపనివాళ్ల కంటితో దాన్ని నిదానంగా కొలిచింది.

"డాక్టరమ్మా, చొక్కా ఇవాళే కత్తిరిస్తాను. చేతులు ఎంత పొడుగు పెట్టమంటావు?"

కోడలుపిల్లకు నవ్వు ఆగలేదు. ఆమెతోపాటు తెర మీది బొమ్మా ఊగిపోయింది.

"నవ్వకమ్మా, కొలత దొరకడం లేదు" అంది డాక్టరమ్మ, తానూ నవ్వుతూ.