రెండు చరుపులు

వెనక్కి నడుస్తున్నప్పుడు మీరు ఎవరిని నమ్ముతారు?

తొందరపడి జవాబు చెప్పకండి. ముందుకి నడిచేవాళ్ళకి కళ్ళున్నాయి. వెనక్కి నడిచేవాళ్ళకి ఏముంది? ఇంకొకరి గొంతు. అంతేగా? మరి ఆ గొంతు ఎప్పటికీ ఆగమనకపోతే?

అక్రాలో మా యూనివర్సిటీ గేటుకి ఎదురుగా ఒక పార్కింగ్ స్థలం ఉండేది. ఎర్రమట్టి నేల, మధ్యలో దుమ్ముకొట్టుకున్న వేపచెట్టు, రోడ్డు వైపు మూల మేమునా ఆంటీ వాచే బండి. బొబ్బర్లూ బియ్యం కలిపి వండిన ఆ వాచే తిననిదే మాలో ఎవరికీ పొద్దున క్లాసు బుర్రకెక్కేది కాదు. ఆ స్థలానికి రాజు అటంగా. ఉత్తరాన బొల్గాటాంగా వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా, తాటిచెట్టుకి చొక్కా తొడిగినట్టు ఉండేవాడు. బండి వెనక నిలబడి చెయ్యి ఊపుతూ అరిచేవాడు.

"రానీ... రానీ... చాలా జాగా ఉంది, రానీ..."

ట్రోట్రో వ్యాన్ల హారన్లు, చర్చి మైకు, పక్కనే రేకులు కోసే రంపం. ఆ గోలలో గొంతు సగం వినబడేది, సగం వినబడేది కాదు. అందుకని అక్కడ ఒక పద్ధతి పడింది. అటంగా గొంతు వినబడినా వినబడకపోయినా డ్రైవరు వెనక్కి వస్తూనే ఉండాలి. జాగా అయిపోయాక అటంగా అరచేత్తో బండి వెనక రెండుసార్లు చరుస్తాడు. ధన్, ధన్. ఆ అదురు సీటులోంచి నడుముకి తెలుస్తుంది. అప్పుడు బ్రేకు. గొంతు ఆగింది కదా అని ఆగకూడదు. చరుపు పడితేనే ఆగాలి.

మా మామయ్యకి టాక్సీ ఉండేది. ఒకసారి నేను పక్కన కూర్చుని ఉండగా ఆయన పొరపాటున అద్దంలోకి చూశాడు. అటంగా గంతేసి కిటికీ దగ్గరికి వచ్చేశాడు.

"ఏం మాస్టర్, నా మీద నమ్మకం పోయిందా? అయితే ఆ అద్దాన్నే దిగి చరచమను!"

"నీ మొహం కంటే అందులో నా మొహం బాగుందని చూసుకున్నాలేవయ్యా," అన్నాడు మామయ్య.

"ఆ మొహం చూసే కదా అత్తయ్య పుట్టింటికి పోయింది," అన్నాడు అటంగా. ముగ్గురం నవ్వాం. ఎన్నేళ్ళు పనిచేసినా ఆ స్థలంలో ఒక్క బండికి గీత పడలేదు. అందుకే డ్రైవర్లందరూ అద్దాలు చూడడం మానేశారు.

తరవాత ఇనప రేకుల ప్రహరీ వచ్చింది. దాని మీద రంగుల బొమ్మ, బ్లెస్డ్ కోర్ట్ అపార్ట్‌మెంట్లు, బాల్కనీలో నవ్వుతున్న అమ్మాయిలు. 'ఎవరి కోసం ఈ అభివృద్ధి?' అన్న అంశం మీద నేను డిబేట్‌లో మాట్లాడాను. హాలు దద్దరిల్లింది. కప్పు ఇచ్చారు. కప్పు ఇచ్చిన రోజునే వేపచెట్టు కొట్టేశారు. గెలవడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

అటంగాని మాత్రం వాళ్ళు తీసెయ్యలేదు. కాంక్రీటు లారీల్ని గోతి దాకా వెనక్కి నడిపించడానికి పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి అతను కనబడడం మానేశాడు. ఊరెళ్ళిపోయాడన్నారు. పనివాళ్ళు వస్తారు, పోతారు. ఎవరు అడుగుతారు?

బిల్డింగ్ పూర్తయ్యాక అందులోనే గది తీసుకున్నాను. హాస్టల్లో చోటు దొరకలేదు, వేరే దారి లేదు. నాతోపాటు అయోర్కోర్. టెషీలో చేపలమ్మే ఇంటి పిల్ల, ఆ యేడే కాలేజీలో చేరింది. ఆమె వచ్చేసరికే గోడలు లేచిపోయాయి. ఆ పార్కింగ్‌ని గాని, అటంగాని గాని ఆమె కంటితో చూసింది లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మేం దిగింది ఒక సాయంత్రం. లిఫ్టు ఇంకా పెట్టలేదు. కేర్‌టేకర్ బ్లాంక్సన్ ప్రతి అంతస్తులో ఆ ఖాళీకి అడ్డంగా ప్లైవుడ్ చెక్క మేకులు కొట్టి ఉంచాడు. "వచ్చే నెల లిఫ్టు, ఖాయం," అన్నాడు, ప్రతి నెలా అందరికీ చెప్పినట్టే. దాంతో మా చిన్న ఫ్రిజ్‌ని మేమే మెట్ల మీదుగా మోసుకెళ్ళాల్సి వచ్చింది. అయోర్కోర్ అటుపక్క, వెనక్కి నడుస్తూ. నేను ఇటుపక్క, దారి చెప్తూ.

"ఏమే లాయరూ, నోరొక్కటే కాదు, చేతులు కూడా కాస్త వాడవే. బరువంతా నా మీదే ఉంది."

"నువ్వు నడు. వాదనలు నేను చూసుకుంటా."

"నీ వాదనలకి చక్రాలుంటే ఎంత బాగుండునే సెఫాకోర్!"

నవ్వుకుంటూనే నాలుగో అంతస్తు చేరాం. వసారాలో కొత్త రంగు వాసన. ఎక్కడో ఉల్లిపాయలు వేగుతున్నాయి. ఎడమవైపు మా గది. కుడివైపు చివర లిఫ్టు ఖాళీ. నాకు అటంగా గుర్తొచ్చి సరదాగా అతనిలాగే అన్నాను.

"రానీ... రానీ... కొంచెం ఎడమకి... రానీ..."

కరెంటు పోయింది.

కింద వీధిలో ఎవరో "దుమ్సోర్! మళ్ళీ కరెంటు తీశారు!" అని అరిచి, కరెంటు వాళ్ళ అమ్మానాన్నల్ని కూడా కలిపి తిట్టారు. అప్పటికే బయట పొద్దు వాలిపోయింది. వసారాలో నా చేతులు నాకే కనబడలేదు. నేను మాట్లాడడం ఆపేశాను.

ఉల్లిపాయల వాసన పోయింది. దాని చోట ఇంకో వాసన. తడి సిమెంటు, డీజిలు.

"రానీ..."

అది నేను కాదు.

"రానీ... రానీ... చాలా జాగా ఉంది..."

దగ్గరగా లేదు. దూరంగానూ లేదు. ఫ్రిజ్‌కి అటుపక్క నుంచి, అయోర్కోర్ వీపు వెనక నుంచి వస్తోంది. ఫ్రిజ్ కదిలింది. నా చేతుల్లోంచి లాక్కుపోతున్నట్టు... కుడివైపుకి.

"అయోర్కోర్," గుసగుసగా అన్నాను. "ఆగు."

ఆగలేదు. చెప్పులు నేల మీద ఈడ్చుకుంటూ పోతున్న చప్పుడు.

"ఆగవే! అటు కాదు!"

"నువ్వు ఆగమంటే ఎలా ఆగుతా?" అంది. గొంతు ఆమెదే. నిద్రలో మాట్లాడుతున్నట్టుంది. "ఆయన ఇంకా చరచలేదుగా."

ఈ పిల్లకి ఆ మాట ఎవరు చెప్పారు?

"రానీ..."

లాగాను. బలం చాలలేదు. అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు... ఎక్కడివో హారన్లు, రేకులు కోసే రంపం... ఆ స్థలమంతా ఆ చీకట్లోకి వచ్చి నిలబడింది. ఇంకొక్క అడుగు. ఇంకొకటి. బరువుని మోకాలి మీదికి తీసుకుని, ఒక చెయ్యి విడిపించుకుని, ఫ్రిజ్ పక్కన అరచేత్తో చరిచాను.

ధన్. ధన్.

అయోర్కోర్ ఆగింది. హారన్లు ఆగాయి.

ఫోను తీసి వెలుతురు వేశాను. మేకులతో సహా ఊడిన ప్లైవుడ్ చెక్క గోడకి చక్కగా ఆనించి ఉంది. ఎవరో పని తెలిసిన మనిషి తీసి పెట్టినట్టు. అయోర్కోర్ మడమలు రెండూ నేల మీద లేవు. వేళ్ళ మీద నిలబడి ఉంది. వెనక అంతా నలుపు.

కింద... ఆ నలుపులోంచి... ఎవరో బతిమాలుతున్నట్టు...

"ఇంకా జాగా ఉంది. రానీ."

మర్నాడు పొద్దున్నే మేమునా ఆంటీ దగ్గరికి పరిగెత్తాను. ఆమె బండి ఇప్పుడు రోడ్డుకి అవతల ఉంది. నా మాట పూర్తికాకుండానే గరిటె కింద పెట్టేసింది.

"మెల్లగా మాట్లాడవే తల్లీ. నీ నోరు మైకు కాదు."

"అటంగా ఊరెళ్ళలేదు కదూ ఆంటీ?"

ఆమె అటూ ఇటూ చూసింది. "లారీ వెనక్కి వస్తోంది. ఆయన గోతి అంచున నిలబడి పిలుస్తున్నాడు. వానకి మట్టి మెత్తబడి ఉంది. గేట్లోంచి నాకు కనబడుతూనే ఉంది, ఒకళ్ళకి గుడ్డు వేసి తలెత్తేసరికి ఆయన లేడు. గొంతు లేదు. లారీ మాత్రం వస్తూనే ఉంది."

"డ్రైవరు ఆగలేదా?"

"ఎందుకు ఆగుతాడే? మన స్థలంలో తిరిగిన డ్రైవరే. చరుపు పడలేదుగా! అంచుకి వచ్చి చక్రం దిమ్మెకి తగిలాక ఆగాడు. కాంక్రీటు వదిలాడు. నేను కేకలు పెట్టా. 'ముసలిదానికి ఎండదెబ్బ' అని నవ్వారు. లిఫ్టు గొయ్యి అదే."

అప్పుడు అర్థమైంది నాకు. అతను చంపడానికి పిలవడం లేదు. బండి పెట్టే పని మధ్యలో ఆగిపోయింది, దాన్ని పూర్తి చెయ్యాలని చూస్తున్నాడు. గొంతు ఒక్కటే బయటికి వచ్చింది. చేతులు సిమెంటులో ఉండిపోయాయి. చరచడం అతని వల్ల కాదు.

అతని తమ్ముడికి కబురు పెట్టాను. రెండు బస్సులు మారి వచ్చాడు. మనిషి దూరాన పోతే జుట్టో గోళ్ళో ఇంటికి తీసుకెళ్ళి కర్మ చెయ్యాలి, లేకపోతే పోయినవాడు ఎక్కడికీ వెళ్ళలేడు. అది వాళ్ళ ఆచారం. వాటిని పట్టుకెళ్ళడానికి తెచ్చిన చిన్న సొరబుర్ర ఒళ్ళో పెట్టుకుని బ్లాంక్సన్ ముందు కూర్చున్నాడు.

"అయ్యా, గోళ్ళు అడగను. ఆ గొయ్యి అంచు పగలగొట్టి ఒక ముక్క ఇప్పించండి. అన్నయ్య అనుకుని పట్టుకెళ్తాను."

"బతికున్నవాడికి కర్మ ఏంటయ్యా?" అన్నాడు బ్లాంక్సన్. "మీ అన్న ఏ పిల్లనో వెంటేసుకుని కుమాసిలో కాపురం పెట్టుంటాడు. దానికి నా బిల్డింగ్ పగలగొట్టాలా?"

నేను మాట్లాడాను. చట్టం మాట్లాడాను, న్యాయం మాట్లాడాను, గొంతు పోయేదాకా మాట్లాడాను. పోలీసులు శవం ఏదన్నారు. తవ్వితే కదా శవం, అన్నాను. శవం ఉంటే కదా తవ్వడం, అన్నారు. తమ్ముడు ఖాళీ సొరబుర్రతోనే బస్సెక్కాడు. మరుసటి వారమే లిఫ్టు వచ్చింది. ఇత్తడి మీటలు, మెరిసే తలుపులు, లోపల మెత్తటి సంగీతం.

ఈలోగా అయోర్కోర్...

పగలంతా బాగానే ఉండేది. నన్ను లాయరూ అని ఏడిపించేది. పొద్దు వాలగానే మాట మధ్యలో ఆగిపోయేది. తల కొంచెం పక్కకి వంచి, వింటున్నట్టు. ఆ తరవాత ఒక్కొక్క అడుగే వెనక్కి వేసేది. గది తలుపు వైపు, లిఫ్టు వైపు. బల్ల మీద రెండుసార్లు చరిస్తే ఆగేది. ఏం జరిగిందో తెలిసేది కాదు. "ఎందుకే అలా చూస్తావు, నాకేమైనా కొమ్ములొచ్చాయా?" అనేది.

వాళ్ళమ్మ వచ్చి టెషీ తీసుకెళ్ళిపోయింది. సముద్రం ఉంది, చర్చి ఉంది, అయినవాళ్ళున్నారు, అక్కడ నయమవుతుందనుకుంది. అక్కడా సాయంత్రం అయ్యేసరికి మొహం ఇంటి వైపే ఉంచి, వెనక్కి, మా బిల్డింగ్ ఉన్న దిక్కుకే అడుగులు వేసేదట. అమ్మ పక్కనే కూర్చుని చేపల గిన్నె మీద చరిచేది. రోజూ. ఎన్నాళ్ళు చరుస్తుంది? ఒకరోజు కెంకే, అదే మొక్కజొన్న ముద్దలు, ఉడికే పొయ్యి ఎగదోయడానికి అలా పెరట్లోకి వెళ్ళి వచ్చింది. అంతే.

టెషీ నుంచి మా గేటు దాకా అంత రద్దీలో వెనక్కి నడిచిన అమ్మాయిని ఒక్కరూ ఆపలేదు. దొరికింది లిఫ్టు గోతిలో. అన్ని అంతస్తుల్లోనూ లిఫ్టు తలుపులు బిగించే ఉన్నాయి. లోపలికి ఎలా వెళ్ళిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఆ గదిలోకి వారం తిరక్కుండానే కొత్త పిల్లలు దిగారు. గేటు పక్కన బొమ్మ కూడా కొత్తది వేశారు.

నేను వేరే చోట ఉంటున్నాను. పైన అంతస్తులు లేని ఇల్లు. ఈ మధ్య సాయంత్రాలు ఏదో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతున్నానని పక్కింటివాళ్ళు అంటున్నారు. అందుకే జాగ్రత్తపడి కూర్చున్నాను. గోడకి కుర్చీ ఆనించి, కుర్చీకి వీపు ఆనించి. వెనక్కి వెళ్ళడానికి ఇంక చోటు లేకుండా. ఇదంతా అలాగే కూర్చుని రాశాను.

బయట పొద్దు వాలింది.

వీపుకి గోడ తగలడం లేదు.

గాలి తగులుతోంది. తడి సిమెంటు వాసన... నా మడమలు నేల మీద లేవు. చేతులు ఈ కలాన్ని వదలడం లేదు, నేను చరచలేను...

మీ ముందు బల్ల ఉంటుంది, తలుపు ఉంటుంది, ఏదో ఒకటి ఉంటుంది. దయచేసి... అరచేత్తో... గట్టిగా... రెండుసార్లు చరచండి.

ఇప్పుడే.